‘మీ నాన్నగారు ఏం చేస్తారు?’

ఇంజనీరింగ్ చివరి సంవత్సరం మొదలైందంటే కళాశాలల్లో ప్రాంగణ నియామకాల హడావిడి మొదలవుతుంది. హాస్టల్ గదుల్లో జావా, పైథాన్ నోట్సులు చేతులు మారుతుంటాయి. పాలిండ్రోమ్‌కు ప్రోగ్రాం ఎలా రాయాలి, ఉద్యోగుల పట్టికలోంచి రెండో అత్యధిక జీతాన్ని ఎస్‌క్యూఎల్‌లో ఎలా రాబట్టాలి, ప్రాసెస్‌కూ థ్రెడ్‌కూ తేడా ఏమిటి, డేటాబేస్‌ను నార్మలైజ్ ఎందుకు చేస్తారు? ఏళ్ల తరబడి పెద్దగా మారని ప్రశ్నలివి. వీటి పక్కనే మరో చిన్న జాబితా ఉంటుంది. మీ గురించి చెప్పండి. మీ కుటుంబ నేపథ్యం ఏమిటి? మీ నాన్నగారు ఏం చేస్తారు? మొదటి జాబితాకు నెలల తరబడి శిక్షణ ఇస్తారు. రెండోదాన్ని ఎవరూ ప్రశ్నలుగానే లెక్కించరు. బెరుకు పోగొట్టడానికి, మాట కలపడానికి అడిగేవని అంటారు. అణగారిన కులాల నుంచి వచ్చిన విద్యార్థిని ఇంటర్వ్యూ గదిలో అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది ఈ మాట కలిపే ప్రశ్నే. ప్రైవేటు రంగం అడిగే కుల ధ్రువీకరణ పత్రం ఇదే. దానిపై తహసీల్దారు సంతకం అవసరం లేదు.

సాఫ్ట్‌వేర్ రంగం తనకు కులం తెలియదని చెప్పుకుంటుంది. యంత్రానికి కులం లేదు, కోడ్‌కు కులం లేదు, కనుక మాకూ లేదన్నది దాని వాదన. సాంకేతిక పరీక్ష మేరకు ఇందులో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. రాసిన ప్రోగ్రాం నడుస్తుంది, లేదా నడవదు. కంపైలర్ ఎవరి ఇంటిపేరూ అడగదు. మా విద్యార్థుల్లో చాలామంది కోడింగ్ రౌండ్‌ను ఇష్టపడటానికి కారణం ఇదే కావచ్చు. జీవితంలో మొదటిసారి తమ ఊరు, వాడ, తండ్రి పేరుతో పని లేకుండా తమ పనిని తూచే తక్కెడ అది. ఇబ్బంది ఆ తక్కెడకు ముందూ వెనుకా ఉంది.

దీనిపై పరిశోధన లేకపోలేదు. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంతంలోని పెద్ద సంస్థలకు చెందిన 25 మంది మానవ వనరుల అధికారులతో మాట్లాడి, 2007లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వ్యాసం రాశారు. ప్రతిభ తప్ప మరేదీ చూడమని ఆ అధికారులు చెప్పారు. అభ్యర్థి కుటుంబ నేపథ్యం అడగడం ముఖ్యమనీ దాదాపు అందరూ చెప్పారు. ఈ రెండు మాటల మధ్య వారికి వైరుధ్యం కనిపించలేదు. చదువుకున్న తల్లిదండ్రులు, మంచి పెంపకం, స్థిరమైన ఇల్లు ఉంటే మంచి ఉద్యోగి తయారవుతాడన్నది వారి నమ్మకం. అదే సంవత్సరం, అదే పత్రికలో సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ మరో అధ్యయనాన్ని ప్రచురించారు. ఆంగ్ల దినపత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు, సమానమైన అర్హతలతో, పేర్లు మాత్రమే మార్చి దరఖాస్తులు పంపారు. అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే ఉన్నట్టు తేలింది. ముస్లిం పేరుకు మూడో వంతే. వారిలో ఎవరూ ఇంటర్వ్యూ గది గుమ్మం కూడా తొక్కలేదు. కాగితం మీద పేరు ఒక్కటే మాట్లాడింది.

మన తెలుగు నేలపై పేరు ఇంకా ఎక్కువ మాట్లాడుతుంది. ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి కులసూచకం వెనుకుంటుంది. ‘నాయక్’ అని ఉంటే తండా తెలిసిపోతుంది. ఏ తోకా లేకపోతే, ఎందుకు లేదన్న ఆలోచన వస్తుంది. ఇక రెజ్యూమె చివర తండ్రి పేరు, శాశ్వత చిరునామా రాసే ఆచారం ఒకటి ఉంది. ఆ నమూనా ఎక్కడినుంచి వచ్చిందో గానీ కళాశాలలన్నీ దాన్నే పంచిపెడతాయి. ‘ఎస్సీ కాలనీ’ అనో ‘ఫలానా తండా’ అనో అందులో ముద్రితమై ఉంటుంది. సంస్థకు కావలసింది ఒక ఫోన్ నంబరు, ఒక ఈమెయిలు, ఉంటున్న నగరం పేరు. ఆధార్ కార్డులోని చిరునామా మొత్తం ఎత్తి రాయవలసిన పని లేదని నేను విద్యార్థులకు చెబుతుంటాను. ఇది దాపరికం కాదు. అనవసరమైన సమాచారాన్ని అడగని వారికి ఇవ్వకపోవడం మాత్రమే.

మా విశ్వవిద్యాలయంలో నమూనా ఇంటర్వ్యూలు నిర్వహించినప్పుడు సాంకేతిక ప్రశ్నలు కంప్యూటర్ సైన్స్ సహోద్యోగులు అడుగుతారు. ‘జనరల్’ ప్రశ్నల వంతు నాది. ఒకసారి ఒక అబ్బాయి బైనరీ సెర్చ్ గురించి అడిగితే బోర్డు మీద రాసి, అది ఎప్పుడు పనికిరాదో కూడా అడగకుండానే చెప్పాడు. నా పక్కనున్న బయటి శిక్షకుడు ముచ్చటపడి, వాతావరణం తేలికపరచడానికి కాబోలు, ‘మీ నాన్నగారు ఏం చేస్తారు?’ అన్నాడు. అబ్బాయి గొంతు మారిపోయింది. ‘బిజినెస్ సర్’ అన్నాడు. ఏం బిజినెస్ అంటే ‘లెదర్’ అన్నాడు. ఎక్కడ అంటే జవాబు లేదు. అప్పటివరకు బోర్డు దగ్గర నిలబడిన మనిషి వేరు, ఇప్పుడు కుర్చీలో కూర్చున్న మనిషి వేరు. అతని తండ్రి ఒక మండల కేంద్రంలో బస్టాండు దగ్గర చెప్పులు కుడతాడు. ‘బిజినెస్ అని చెప్పు, పొడిగించకు’ అని అంతకుముందు శిక్షణ తరగతిలో ఎవరో చెప్పారట. పొడిగించక తప్పని పరిస్థితి వస్తే ఏం చేయాలో మాత్రం చెప్పలేదు.

ఇక్కడ నష్టం రెండు విధాలు. మొదటిది, తర్వాతి పది నిమిషాల్లో అడిగిన ప్రశ్నలకు అతను తడబడ్డాడు. శిక్షకుడు మూల్యాంకన పత్రంలో ‘ఆత్మవిశ్వాసం తక్కువ’ అని రాశాడు. ఆ విశ్వాసం ఏ నిమిషంలో, ఎవరి మాటతో తగ్గిందో రాయడానికి ఆ పత్రంలో గడి లేదు. రెండోది ఇంకా లోతైనది. తనను ఇంజనీరును చేసిన శ్రమనే ఒక యువకుడు నోటితో పలకలేకపోవడం.

దాచుకోవలసి రావడం కొత్త సంగతి కాదు. 1917లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చిన అంబేడ్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరినప్పుడు ఉండటానికి గది దొరకలేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరు రాయించుకుని తలదాచుకున్నారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చినవారు ఆయనను ఖాళీ చేయించారు. ఆ అనుభవాన్ని ఆయనే తన ఆత్మకథాత్మక రచనలో నమోదు చేశారు. దేశంలో అప్పటికి అంతటి చదువున్నవారు ఎందరు? అర్హత ఆయనకు కొలువు ఇప్పించగలిగింది గానీ పక్క పరుచుకునే చోటు ఇప్పించలేకపోయింది. తొలి ఉద్యోగానికి వెళ్తున్న మన పిల్లలకు ‘ప్రతిభ ఉంటే చాలు’ అని చెప్పే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

ప్రతిభ అనే మాటకు అడ్డుగోడలు ఇంటర్వ్యూకు చాలా ముందే లేస్తాయి. పది, ఇంటర్, ఇంజనీరింగ్ మూడింటిలోనూ 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగులు ఉండకూడదు, చదువులో ఖాళీ సంవత్సరాలు ఉండకూడదు అన్నవి చాలా సంస్థలు పెట్టే సాధారణ నిబంధనలు. కులం పేరు వీటిలో ఎక్కడా లేదు. తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివి, ఒక్కసారిగా ఆంగ్ల పాఠ్యపుస్తకాల్లో పడ్డ విద్యార్థికి మొదటి సంవత్సరం గణితం పోవడం, తర్వాత అతడే చివరి సంవత్సరంలో తరగతికి పాఠం చెప్పగలిగే స్థాయికి రావడం మేం ఏటా చూసే దృశ్యం. ఆ ఎదుగుదలను 60 శాతం గీత చూడదు. తండ్రి జబ్బుపడి ఏడాది పనికి వెళ్లిన పిల్లవాడి ‘ఖాళీ’ని, కోచింగ్ కోసం ఏడాది ఇంట్లో కూర్చున్న పిల్లవాడి ‘ఖాళీ’ని ఒకే గాటన కడతారు.

దీనికి తోడు సిఫారసు. సంస్థలో పనిచేస్తున్నవారు తమకు తెలిసినవారి పేరు సూచిస్తే, ఎంపికైన తర్వాత వారికి బహుమతి సొమ్ము ఇచ్చే పద్ధతి ఈ పరిశ్రమలో బాగా వ్యాపించింది. ఇందులో కుట్ర ఏమీ లేదు. ఎవరికైనా తెలిసినవారు ఎవరుంటారు? బంధువులు, ఊరివారు, అదే హాస్టల్‌లో చదివినవారు. నీటిపారుదల ఉన్న డెల్టా భూములనుంచి, ఆ భూములు పెట్టుబడిగా పుట్టిన కళాశాలలనుంచి ముందుగా ఐటీలోకి వెళ్లిన కులాలకు ‘తెలిసినవారు’ ప్రతి సంస్థలోనూ ఉన్నారు. ఇంటిలో మొదటి పట్టభద్రుడికి తెలిసినవాళ్లంతా ఊళ్లోనే ఉన్నారు.

ఇంగ్లీషు సంగతి వేరుగా చెప్పుకోవాలి. శిక్షణ సంస్థల్లో ‘ఎంటీఐ’ అన్న మాట ఒకటి వినిపిస్తుంది. మాతృభాష ప్రభావం అన్నమాట. అదొక జబ్బు అన్నట్టు దానికి మందు వేస్తారు. అందరి ఇంగ్లీషులోనూ మాతృభాష వినిపిస్తుంది. ఇంటర్వ్యూ చేసే అధికారి ఇంగ్లీషులో కూడా గుంటూరో విజయవాడో వినిపిస్తుంది. అది ఎవరికీ జబ్బుగా తోచదు. తెలుగులోనే ఏ యాస ‘భాష’గా చెలామణి అయింది, ఏది ‘యాస’గా మిగిలింది అన్న పాత తగాదా ఇక్కడ ఇంగ్లీషు వేషంలో మళ్లీ వచ్చి కూర్చుంది. అయినా ఇంగ్లీషు అక్కర్లేదని నేను అనను. అలా అనే వారి పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో ముందు కనుక్కోవాలి. ఎదుటివారు చెప్పింది అర్థం చేసుకోవడం, తాను చేసిన పనిని నాలుగు స్పష్టమైన వాక్యాల్లో చెప్పడం, తెలియనిది తెలియదని చెప్పడం. తొలి ఉద్యోగానికి కావలసిన ఇంగ్లీషు ఇంతే. ఇది ఆరు నెలల్లో వస్తుంది. ఉచ్చారణ మార్చుకోవడానికి ఆ ఆరు నెలలూ ఖర్చు చేయించడం దండుగ.

మరి ఎలా తయారు కావాలి? అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల వీధుల్లో తిరిగితే ప్రతి మెట్ల దారి పక్కనా ఒక బోర్డు ఉంటుంది. ఎస్సార్ నగర్ హాస్టల్‌లో మంచానికి అద్దె కట్టుకుని, కోర్సు ఫీజు కట్టి, జిరాక్సు మెటీరియల్ కొనుక్కుని మూడు నెలలు ఉండగలిగినవారికి అది దారే. ఉండలేనివారికోసం ప్రభుత్వాలు ఉమ్మడి రాష్ట్రంలో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు పెట్టాయి. తర్వాత తెలంగాణలో టాస్క్, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ వచ్చాయి. వీటి వల్ల మేలు పొందినవారు ఉన్నారు. కానీ సొంత ల్యాప్‌టాప్ లేని విద్యార్థికి అన్నిటికంటే ముందు కావలసింది సాయంత్రం ఐదు తర్వాత తాళం పడని ఒక కంప్యూటర్ గది. ఆ ఒక్కటి సాధించడానికి మా విద్యార్థులు వినతిపత్రాలు ఇచ్చీ ఇచ్చీ అలసిపోయారు.

సాంకేతిక తయారీలో రాయితీ ఉండకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. వెనుకబడిన కుటుంబం నుంచి వచ్చాడు కదా అని జాలిపడి సులువు ప్రశ్నలు అడిగే అధ్యాపకుడు కూడా అపకారే. అర్రేలు, లింక్డ్ లిస్టులు, స్టాకులు, జాయిన్‌లు రోజూ చేయాలి, కాగితం మీద చేయాలి, పైకి చెబుతూ చేయాలి. ముఖ్యంగా చివరి సంవత్సరం ప్రాజెక్టును కొనుక్కోకూడదు. డబ్బులకు ప్రాజెక్టులు అమ్మే దుకాణాలున్నాయన్న సంగతి అందరికీ తెలుసు, ఇంటర్వ్యూ చేసేవారికి ఇంకా బాగా తెలుసు. ‘ఈ టేబుల్ ఎందుకు పెట్టావు?’ అన్న రెండో ప్రశ్నకే కొన్న ప్రాజెక్టు బయటపడుతుంది.

ఒక అమ్మాయి చేసిన పని ఇక్కడ ప్రస్తావించాలి. ఆమె తల్లి ఊళ్లో పొదుపు సంఘం లెక్కలు చూస్తుంది. చేతిరాత పుస్తకంలో ఎవరి వాయిదా ఎంత మిగిలిందో ప్రతి సమావేశంలోనూ గొడవే. ఈ అమ్మాయి సభ్యులకు ఒక పట్టిక, అప్పులకు ఒకటి, చెల్లింపులకు ఒకటి పెట్టి చిన్న డేటాబేస్ తయారు చేసింది. సభ్యురాలి పేరును అప్పుల పట్టికలో మళ్లీ ఎందుకు రాయకూడదో తల్లికి వివరించడానికి పడిన తిప్పలతోనే ఆమెకు నార్మలైజేషన్ పూర్తిగా అర్థమైంది. ఒక్క వాయిదా కూడా కట్టనివారి పేర్లు జాబితాలో రాకపోతే, లెఫ్ట్ జాయిన్ ఎందుకు కావాలో తెలిసింది. నమూనా ఇంటర్వ్యూలో ఆమె దీన్ని చెబుతుంటే మా కంప్యూటర్ సైన్స్ సహోద్యోగి తన గడియారం చూసుకోవడం మరిచిపోయాడు. కుటుంబ నేపథ్యం అడగవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఆమె చెప్పదలచుకున్నంత మేరకు, ఆమె చెప్పదలచుకున్న చోట, అది అప్పటికే గదిలోకి వచ్చేసింది.

తండ్రి గురించిన ప్రశ్నకు ఇదే జవాబు కావాలని నేను అనడం లేదు. ‘వ్యవసాయ కూలీ’, ‘పారిశుధ్య కార్మికుడు’ అని సూటిగా చెప్పి, తర్వాతి వాక్యంలో తన పనిలోకి వెళ్లిపోవచ్చు. ‘మా ఇంట్లో ఇంజనీరింగ్ చదివిన మొదటి వ్యక్తిని నేను’ అని మాత్రమే చెప్పవచ్చు. ‘నా ప్రాజెక్టు గురించి చెబుతాను’ అని మర్యాదగా మళ్లించవచ్చు. ఎంపిక విద్యార్థిది. అబద్ధం నేర్పే హక్కు శిక్షకుడికి లేదు. తండ్రి శ్రమను ఊరేగించి కన్నీళ్లు తెప్పించమనే హక్కు కూడా లేదు. ఈ రెండోది ఈ మధ్య ఫ్యాషన్ అయింది. పేదరికాన్ని ‘స్ఫూర్తి గాథ’గా చెప్పగలిగితే మార్కులు పడతాయని కొందరు బోధిస్తున్నారు. ఏ డాక్టరుగారి అబ్బాయినీ తన తండ్రి గాథ చెప్పి ఉద్యోగం తెచ్చుకోమని ఎవరూ అనరు.

ఎంపికైన తర్వాత కూడా కథ ముగియదు. చేరే రోజున ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. ఫీజు రీయింబర్స్‌మెంటు పథకం వేల కుటుంబాల్లో మొదటి ఇంజనీర్లను తయారు చేసింది, అందులో సందేహం లేదు. కానీ ప్రభుత్వం బకాయి పడితే కళాశాల యాజమాన్యం విద్యార్థి సర్టిఫికెట్లు ఆపేస్తుంది. ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య ఉన్న అప్పుకు విద్యార్థి జామీనుగా నిలబడతాడు. కూలి పని చేసే తల్లిదండ్రులు వడ్డీకి తెచ్చి ఆ సొమ్ము కట్టి, టీసీ, ప్రొవిజనల్ విడిపించుకుంటారు. తొలి జీతాలు ఆ వడ్డీకి పోతాయి. ఈ పథకం అవసరం లేని వర్గాల విద్యార్థి అదే రోజు అదే కౌంటరులో సంతకం పెట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్తాడు. కులం పేరు ఎత్తకుండానే కులం ఎలా పనిచేస్తుందో చూపడానికి ఇంతకంటే సులువైన ఉదాహరణ నా తరగతి గదిలో నాకు దొరకలేదు. ఇంటర్వ్యూకు తయారయ్యేవారు మూడో సంవత్సరంలోనే తమ బకాయి ఎంతో కళాశాలను లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలని నేను పోరుతుంటాను.

సంస్థల బాధ్యత మాటేమిటి? ప్రైవేటు నియామకాల్లో కుల వివక్షను నేరుగా, సమగ్రంగా నిషేధించే చట్టం మనకు లేదు. రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకే వర్తిస్తుంది. 2006లో ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల చర్చ వచ్చినప్పుడు పారిశ్రామిక సంఘాలు చట్టబద్ధమైన కోటాను వ్యతిరేకించి, స్వచ్ఛందంగా చర్యలు తీసుకుంటామని మాట ఇచ్చాయి. జె.జె. ఇరానీ నాయకత్వంలో ఒక కార్యదళం నివేదిక కూడా ఇచ్చింది. ఆ స్వచ్ఛందం తొలి ఉద్యోగాల దాకా ఎంత వచ్చిందో ఏ సంస్థ వార్షిక నివేదికలో చూసినా తెలియదు. స్త్రీల శాతం ఎంతో గర్వంగా ముద్రించేవారు దళితుల, ఆదివాసుల శాతం దగ్గరికి వచ్చేసరికి ‘మేం అలాంటి వివరాలు అడగం’ అంటారు. తండ్రి వృత్తి అడగడానికి అడ్డురాని మొహమాటం లెక్కలు చెప్పడానికి అడ్డొస్తుంది. ఇదే పరిశ్రమ శాఖలున్న అమెరికాలో సియాటిల్ నగరం 2023లో వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని చేర్చింది. హైదరాబాద్‌లో ఆ ఊసు లేదు.

చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనవసరం లేదు. ప్రాంగణ నియామకాలకు సంస్థలు మా గుమ్మంలోకి వస్తాయి. మేం వారి గుమ్మంలోకి వెళ్లడం లేదు. గది, కంప్యూటర్లు, విద్యార్థుల జాబితా అన్నీ విశ్వవిద్యాలయానివి. ప్రతి సీజన్‌లో ప్లేస్‌మెంట్ కార్యాలయం సంస్థలకు ఒక పత్రం పంపుతుంది. ఎన్ని ఏసీ గదులు కావాలి, ప్రొజెక్టర్ కావాలా, భోజనాలు ఎందరికి, శాకాహారం ఎందరికి అని అందులో గడులుంటాయి. అభ్యర్థి కుటుంబం, తల్లిదండ్రుల వృత్తి, స్వగ్రామం గురించి ప్రశ్నలు అడగబోమని, అందరినీ ఒకే ప్రశ్నావళితో పరీక్షించి మార్కులు అక్కడికక్కడే నమోదు చేస్తామని సంస్థ ప్రతినిధి సంతకం చేసే మరొక గడిని అందులో చేర్చాలి. రెండు రాష్ట్రాల్లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు వచ్చే సీజన్‌కు ముందే ఈ పని చేయవచ్చు. ఇందుకు ఉత్తర్వు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. భోజనాల గడి కింద చోటు ఉంది.